అమ్మ పిలిచిన విశ్వాసమ్మ

“దొరికింది అవ్వా, నీ పేరు!” అవ్వ పుట్టిన తేదీ కోసం చర్చి పాత రిజిస్టర్లు తిరగేస్తున్న ఆరాధన అరిచింది. “విశ్వాసమ్మ, తండ్రి దావీదు, తల్లి రాహేలు...”

అంతలోనే ఆమె గొంతు తగ్గింది. “ఇది బాప్తిస్మాల పుస్తకం కాదు. సమాధులది. 1944, కలరా. వయసు మూడేళ్లు.”

సంఘం పెద్ద లాజరు ఇంకో పుస్తకం తెరిచాడు. “ఈడ సూడమ్మా. 1946లో మళ్లీ విశ్వాసమ్మ. అదే అమ్మానాయన. బిడ్డ పోతే, తర్వాత పుట్టినదానికి ఆ పేరే పెడతాండ్రి అప్పుడు. నువ్వు రెండోదానివి పెద్దమ్మా.”

అవ్వ ఆ మొదటి పేరు మీద వేలు పెట్టి, చాలాసేపు తీయలేదు.

“నాకొక అక్క ఉన్నెట్టు అమ్మ ఎప్పుడూ సెప్పల్యా. పొద్దుగూకితే మాత్రం వాకిట్లో నిలబడి ‘విశ్వాసమ్మా’ అని పిలిచేది. నేను ఉరికొచ్చి కొంగు పట్టుకొని, ‘ఈడనే ఉండా కదమ్మా’ అనేదాన్ని.”

“అప్పుడు ఆపేదా?”

“యాడ ఆపేది! నా తల నిమురుతా, సమాధుల దిక్కు సూస్తా, ఇంకా పిలుస్తానే ఉండేది.”