పచ్చచుక్క

"తమ్ముడి కంప్యూటర్ మరీ ఈడుస్తోంది, చూడవే," అంది మబ్రూకా.

ఇన్సాఫ్ కుట్టుమిషన్ మీంచి లేచింది. తెరమీద గడియారం పక్కన, ఎవరూ తెరవకుండానే నడుస్తున్న ప్రోగ్రాములన్నీ మూసేసింది. నూఫల్ పేరుతో ఉన్న చాట్‌నూ మూసేసరికి, తన ఫోన్‌లో అతను ఆన్‌లైన్‌లో ఉన్నట్టు చూపే పచ్చచుక్క ఆరిపోయింది.

కాబోయే మొగుడు నూఫల్ ఇటలీకి పడవెక్కి ఆర్నెల్లు. కబురు లేకున్నా, రోజూ వెలిగే ఆ చుక్కను నమ్ముకునే అతని అక్క మబ్రూకా కొట్లో జీతం లేకుండా కుడుతోంది.

"వదినా! దీన్ని వెలిగించింది ఈ కంప్యూటరా? మరి ఆయన?"

"పడవెక్కిన వారమే జర్జీస్ సముద్రపు ఒడ్డుకు శవమై కొట్టుకొచ్చాడు. నేనే గుట్టుగా పూడ్పించాను."

"నాకు చెప్పలేదేం?"

"చెబితే కుట్టేదెవరు?"

ఇన్సాఫ్ చేతిసంచీ అందుకుంది.

"పోతే పో. అది మాత్రం మళ్లీ తెరిచి పో. అమ్మ ఆ చుక్క చూశాకే అన్నం తింటోంది."

ఇన్సాఫ్ తెరిచింది. ఫోన్‌లో చుక్క వెలిగింది.

అన్నీ తెలిసి కూడా, ఆమె గుండె ఒక్కసారి గంతేసింది.