ఆఖరి పేరు

"హల్వా సల్లారుతున్నది. ఫాతెహా ఎవరెవరి పేరు మీద చదవాలె?" మౌల్వీ అడిగాడు.

షబే బరాత్ నాడు ఫాతెహా ప్రార్థనకు ఇంట్లో చనిపోయినవాళ్ల పేర్లన్నీ చెప్పాలి. షాజహాన్ బీ కొంగు నెత్తిమీదికి లాక్కుని మామ పేరు, అత్త పేరు, మగని పేరు చెప్పి ఆగింది.

ఏటా ఆ వేళకు వంటింట్లో ఉండే కోడలు మన్సూరా, ఈసారి పళ్లెం తెచ్చి అక్కడే నిలబడింది.

"మీ కొడుకు పేరు మర్సిండ్రు అత్తమ్మా."

"పెద్దోళ్లకు చదివితె సాలు."

"గట్లెట్ల? మోల్సాబ్, అస్గర్ పేరు గూడ చదువుండ్రి. ఏడుపాయల కాడ వరదల కొట్టుకపోయిండు. నా గాజులు పలగ్గొట్టింది గీ అత్తమ్మనే."

మౌల్వీ చేతులెత్తాడు. షాజహాన్ బీ పళ్లెం లాగేసింది. హల్వా నేలపాలైంది.

"వద్దు సాబ్! బతికున్నోని మీద చదివితె నా కొడుకు ఆయుష్షు తరుగుతది!"

మౌల్వీ ఎత్తిన చేతులు దించాడు.

"యాడున్నడు?" మన్సూరా గొంతు పెరగలేదు.

"బొంబాయిల. ఇంకోదాన్ని చేసుకున్నడు. నీకు తెలిస్తె పుట్టింటికి పోతవని... నువ్వు బీడీలు చేస్తెనే గద బిడ్డా ఇల్లు ఎల్లేది."

మన్సూరా లోపలికి వెళ్లింది. మరో పళ్లెంలో హల్వా తెచ్చి, బోసి చేతులతో మౌల్వీ ముందు పెట్టింది.

"అస్గర్. షాజహాన్ బీ కొడుకు. చదువుండ్రి."

అత్త ఆమె కాళ్లు పట్టుకుంది. మన్సూరా కదలకుండా నిలబడి, దువా చేయడానికి చేతులు చాచింది.