చాటు లేని చోటు

“ఇక్కడ చెట్లేవండీ?” బస్సు దిగుతూనే అడిగింది మల్లిక.

“వరిపొలాల్లో చెట్లేటి? మింగళాడోన్ ఊరు దాటితే ఇంక పెగూ దాకా ఇంతే,” అన్నాడు బాబ్జీ.

మల్లిక టేకు అడవుల్లో పుట్టి పెరిగింది. కొమ్మల సందుల్లోంచి ముక్కలు ముక్కలుగా కనిపించే ఆకాశమే ఆమెకు తెలుసు. ఇక్కడ అదంతా ఒక్కసారే మీద పడింది. భయమేసి మొగుడి చెయ్యి పట్టుకోబోయి, అత్తగారిని చూసి ఆగిపోయింది.

పట్నంలో, పజుండౌంగ్‌ పేటలో, వాళ్ళింటినిండా బాబ్జీ మేనత్తలే. గదికీ గదికీ మధ్య తెర ఒక్కటే అడ్డు. పెళ్ళయి నెల తిరక్కుండా కొత్తజంట ఒంటరిగా ఊరు దాటకూడదని మేనత్తలు పట్టుబడితే, అత్తగారు సూర్యావతి తను వెంట వెళ్తానంది. ఆవిడ నవ్వగా మల్లిక ఇంకా చూడలేదు.

రోడ్డు పక్క గట్టున ఎర్రగొడుగు వాలుగా గుచ్చి, సూర్యావతి దాని వెనక చతికిలబడింది.

“నా మోకాళ్ళు పీకేస్తన్నాయి. మీరెళ్ళి పొలాలు చూసి రండి. ఎంత దూరమెళ్ళినా ఈ గొడుగు కనబడాల. తెలిసిందా?”

ఇద్దరూ ఎడంగా నడిచారు. చాలా దూరం పోయి వెనక్కి చూస్తే గొడుగు. ఇంకా నడిచారు. రోడ్డు మీద చీమంత బస్సు గొడుగు దగ్గర ఆగి, పట్నం వైపు కదిలింది. గొడుగు కుంకుమబొట్టంత అయిందిగానీ మాయమవలేదు.

“మా అడవిలో నాలుగడుగులేస్తే ఎవరికీ కనబడం. ఇక్కడ చాటన్నదే లేదు,” అంది మల్లిక.

“చాటెందుకేటి?”

“మిమ్మల్ని ఒకటి అడగాలి.”

“అడుగు. అమ్మకి కనబడతాదిగానీ వినబడదులే.”

“ఆవిడకి నేను నచ్చలేదు కదూ? నాతో రెండు ముక్కలైనా మాట్లాడరు.”

బాబ్జీ కాసేపు మట్టిగడ్డని కాలితో దొర్లించాడు. “నాతోనూ అంతేలే.”

“మరి మీకు?”

“నాకేటి?”

“నేను నచ్చానా?”

అతను పడీపడీ నవ్వాడు. ఆమెకూ నవ్వొచ్చింది. అడ్డేమీ లేక ఆ నవ్వు పొలాలంతా పరుచుకుపోయింది. గుండె తేలికపడి, మల్లిక అతని చెయ్యి పట్టేసుకుంది.

“అమ్మ చూస్తాది.”

“చూడనివ్వండి. తిడితే ఇద్దరం పడదాం.”

ఎండ చల్లబడేదాకా ఆ చెయ్యి వదల్లేదు. తిరుగుదారిలో గొడుగు పెద్దదవుతున్నకొద్దీ ఆమె నడక మందగించింది. ఏం చెప్పాలో లోపల్లోపల కూడబలుక్కుంటూ గట్టెక్కింది.

“అత్తయ్యా...” అంటూ గొడుగు వెనక్కి తొంగి చూసింది.

ఇద్దరికి సర్దిన క్యారేజీ తప్ప అక్కడ ఎవరూ లేరు.