రిపోర్టు ఇస్తామన్నారు

"ఈవిణ్ని ఎవరు పైకి రానిచ్చారు?"

డాక్టర్ ధర్మతేజ అరుపు కింద ఎరువుల కొట్టుదాకా వినిపించింది.

గుమ్మంలో ఓ ముసలామె నిలబడి ఉంది. నెత్తిన చింతపండు బుట్ట. అంత బరువుతో రెండంతస్తుల మెట్లెక్కినా ఆయాసం లేదు.

నర్సీపట్నం బస్టాండు వెనక, అద్దెకు తీసుకున్న రెండు గదులు అవి. సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తపు జబ్బు మీద అక్కడ పరిశోధన జరుగుతోంది. చేసేది ధర్మతేజ. టైపు కొట్టేది వరహాలక్ష్మి. మూడో మనిషి లేరు.

గడియారంలో నాలుగూ ఇరవై. అయిదింటికి దరఖాస్తుల వెబ్‌సైటు మూసేస్తారు.

ఢిల్లీలో ఓ సంస్థ కొత్తగా గ్రాంటు ప్రకటించింది. ఎవరూ సాహసించని వైద్య పరిశోధనలకే ఇస్తారట. వెర్రి ఆలోచనైనా పరవాలేదు, కొత్తదైతే చాలు.

ధర్మతేజ దగ్గర అలాంటి ఆలోచన ఒకటి ఉంది.

సికిల్ సెల్ వస్తే ఎముకలు పిండేసే నొప్పులు. కానీ ఎక్కడో ఒకరికి జబ్బు రక్తంలోనే ఉన్నా నొప్పి మాత్రం రాదు. ఆ ఒకరిని కాపాడుతున్నదేమిటో పట్టుకుంటే, మిగతావాళ్లందరికీ మందు చేయొచ్చు.

ఇదివరకు మూడుచోట్లకు పంపాడు. మూడుచోట్లా తిప్పికొట్టారు.

"రెండు నిమిషాలు వినే ఓపిక లేదు ఒక్కడికీ! పెద్ద కుర్చీలో కూర్చుంటే చెవులు మూసుకుపోతాయి," అని పొద్దుట్నుంచి తిడుతూనే ఉన్నాడు.

వరహాలక్ష్మి తలొంచుకుని దరఖాస్తు సరిచూస్తోంది. 'ఈ ఆలోచనకు ఆధారం ఏమిటి?' అన్న ఆఖరి గడి పొద్దుటే నింపేసింది. ఇంక పంపడమే మిగిలింది.

"బాబూ, నెత్తురు పరీచ్చలు సేసీది ఇక్కడేనా?" అంది ముసలామె.

"ఇక్కడ చెయ్యం. పెద్దాసుపత్రికి వెళ్లు."

"సేయించుకోడానికి రాలేదు. సేసిందానికి కాయితం ఇమ్మని ఒచ్చాను."

బుట్ట దించి, రొంటినున్న గుడ్డమూట విప్పింది. అందులో ప్లాస్టిక్ కవరు. కవర్లో పసుపుపచ్చబడిన చీటీ. తీసి బల్ల మీద పెట్టింది.

"మా కొయ్యూరు కొండల్లోకి జీపేసుకుని ఒచ్చి నెత్తురు తీసుకున్నారు. అప్పటికి నా కొడుక్కి పెళ్లి కాలేదు. ఇప్పుడు ఆడి కూతురికి పదకొండేళ్లు. రిపోర్టు ఇస్తామన్నారు. ఏదీ?"

"ఎవరు తీసుకున్నారు?"

"తెల్లకోటోళ్లు. నీలాటోళ్లే."

"వాళ్లు వేరమ్మా, మేం వేరు!"

"మాకేటి తెలుస్తాది బాబూ? సూది ఒకలాగే ఉంటాది."

వరహాలక్ష్మికి నవ్వొచ్చింది. ఆపుకుంది.

"సార్, అప్లికేషను ఎల్లిపోయింది! బేగి నంబరు రాసుకోండి, కరెంటు పోతే అదీ పోద్ది."

ధర్మతేజ చేతికందిన కాగితం లాక్కున్నాడు. ఖాళీగా ఉన్న వైపు తిప్పి నంబరు గీకేశాడు.

"అది నా సీటీ!"

"ఎప్పటిదో చీటీ. ఇప్పుడు దీనికి విలువ లేదు."

"నా మనవరాలికి ఆ జబ్బే అన్నారు. కాళ్లు పట్టుకుని ఏడుస్తంది పిల్ల. అది నాకూ ఉందో లేదో తెలుసుకుందారని ఒచ్చాను. రెండు ముక్కలు సెప్తే నీకేటి పోద్ది?"

"ఆ జబ్బుకి మందు కనిపెట్టే పనిలోనే ఉన్నాను నేను! నీలాంటి వాళ్లందరితో మాట్లాడుతూ కూర్చుంటే ఆ పని ఎవడు చేస్తాడు? వెళ్లు!"

ముసలామె బుట్ట నెత్తికెత్తుకుంది.

"నెత్తురు కావాలన్నప్పుడు తల్లీ అన్నారు. కాయితం అడిగితే ఎల్లు అంటన్నారు. ఉంచుకో ఆ సీటీ. ఇంకోపాలి మా ఊరికి సూది అట్టుకుని రండి, అప్పుడు సెప్తాను మీ పని. ఒక్క సుక్క రాలనిస్తే ఒట్టు."

గబగబా మెట్లు దిగిపోయింది.

కింద బస్టాండులో ఏదో బస్సు హారన్ మోగింది.

"పీడ వదిలింది. టీ చెప్పు," అన్నాడు ధర్మతేజ.

వరహాలక్ష్మి దరఖాస్తు నంబరు రిజిస్టర్లో ఎక్కించుకుంది. తర్వాత చీటీని రెండోవైపు తిప్పింది.

పేరు లేదు. ఊరు లేదు. రబ్బరు స్టాంపుతో వేసిన గుర్తు ఒక్కటే: కె-47.

చీటీ ఆయన ముందుకు జరిపింది.

"సార్... ఒకసారి చూడండి."

చూశాడు. కుర్చీ వెనక్కి పడింది. మూడేసి మెట్లు దాటుకుంటూ కిందికి పరుగెత్తాడు.

పావుగంట తర్వాత ఒక్కడే తిరిగొచ్చాడు. చొక్కా తడిసిపోయింది.

"ఆవిడ పేరేంటి?"

"మీరు అడగలేదు సార్."

"కొయ్యూరు కొండల్లో ఏ ఊరు?"

"అది సెప్పీలోగా వెళ్లు అన్నారు కదా." వరహాలక్ష్మి ఆ గదిలో అంత కటువుగా మాట్లాడడం అదే మొదటిసారి.

ఆయన కంప్యూటర్ తెరకేసి తిరిగాడు. దరఖాస్తు ఆఖరి గడిలో ఆయన మాటలే ఉన్నాయి: "ఇరవై రెండేళ్ల కిందట కొయ్యూరు కొండల్లో వేరేవాళ్లు తీసిన రక్తాల్లో, జబ్బు పూర్తిగా ఉన్నా నొప్పి ఎరగని మనిషిది ఒక్కటే: కె-47. ఆ మనిషి ఎవరో, బతికి ఉన్నారో లేదో తెలియదు కనుక, వెతికి పట్టుకోవడానికే ఈ గ్రాంటు కోరుతున్నాను."