చెక్కల బరువు

ఎండకు వేసుకొచ్చిన గొడుగు మడిచి, ఆవిడ లారీ ఆఫీసు గుమ్మంలో నిలబడింది.

అరవై ఏళ్లుంటాయి. భుజాన గుడ్డసంచి, చెప్పుల నిండా దుమ్ము.

"ఎవరు కావాలమ్మా?" అన్నాడు యజమాని, తల ఎత్తకుండానే.

"సరిహద్దు కాగితాల గురించి ఒక్క మాట చెప్పి వెళ్దామని వచ్చానండీ."

యజమాని కూతురి వంక చూసి నవ్వాడు. ఇంకొకరు దిగారని ఆ నవ్వుకు అర్థం.

ఒకటో తేదీ నుంచి సరిహద్దు దగ్గర కాగితం చెల్లదు. సరుకు వివరాలన్నీ లారీ కదలకముందే కంప్యూటర్లో పంపాలి. ఆ కబురు వచ్చిన దగ్గర్నుంచి, నేర్పిస్తామనేవాళ్లూ చేసిపెడతామనేవాళ్లూ ఈగల్లా ముసురుతున్నారు. ఆఫీసులో కంప్యూటరు పని చూసే కూతురు ఆ వారంలోనే నలుగురిని సాగనంపింది.

"మీకు కంప్యూటరు వచ్చా?" అడిగాడు యజమాని.

"రాదండీ."

"మరి మాకేం నేర్పుతారు? తాతకు దగ్గులు నేర్పినట్టు!"

ఆవిడ నొచ్చుకోలేదు.

"మీరు ద్రాక్ష పెట్టెల్ని, కింద చెక్క ప్యాలెట్లతో సహా తూకం వేయించి, అదే సరుకు బరువని రాస్తారు. చెక్కల బరువు తీసేసి రాయాలండీ."

"మా నాన్న కాలం నుంచీ అలాగే రాస్తున్నాం."

"తెలుసండీ. కానీ కంప్యూటరు దిద్దదు. తప్పుంటే ఆపేస్తుంది, అంతే. నేను ఇన్నాళ్లూ..."

"ఇన్నాళ్లూ మా లారీ ఒక్కటంటే ఒక్కటి వెనక్కి రాలేదమ్మా! మా కాగితమంటే అక్కడ కళ్లకద్దుకుని స్టాంపు వేస్తారు."

ఈ మాట ఆయన ఎవరొచ్చినా చెబుతాడు. డాక్టరు దగ్గరికెళ్లినా రోగం కంటే ముందు ఇదే చెబుతాడని గిట్టనివాళ్లు అంటారు.

"నాన్నా, ఓసారి చూద్దామా?" అంది కూతురు మెల్లగా.

"దారిన పోయేవాళ్ల మాటలన్నీ వింటే మన లారీలు కదిలినట్టే!"

ఆవిడ కుర్చీ కోసం చూసింది. ఉంది. దానిమీద ఫైళ్లున్నాయి. ఎవరూ తీయలేదు.

నిలబడే, సంచిలోంచి పెన్ను తీసి, ఒక చీటీ రాసి టేబులు అంచున పెట్టింది.

"మొదటి లారీ కదలకముందే చూడండి. ఈ ఎండలకు కాయ ఆగదు, రైతులు పాపం."

"ఫీజెంతో కూడా రాశారా?"

ఆ మాటకు మాత్రం ఆవిడ ముఖం చిన్నబోయింది. గొడుగు తీసుకుని వెళ్లిపోయింది.

యజమాని ఆ చీటీని నాలుగు మడతలు పెట్టి, కుంటి టేబులు కాలి కింద దోపాడు.

"చూశావా, ఎందుకో ఒకందుకు పనికొచ్చింది!"

కూతురు కూడా నవ్వింది.

ఒకటో తేదీన తొలి లారీ వెళ్లింది. పదకొండు మంది రైతుల ఈ ఏటి తొలి కోతంతా అందులోనే ఉంది. మధ్యాహ్నానికి డ్రైవరు దగ్గర్నుంచి ఫోను.

"గేటు తెరుచుకోలేదయ్యా. బరువు తప్పంటోంది. అందరి ముందూ లారీ పక్కకు తీయించారు. తల కొట్టేసినట్టయింది నాకు."

"కాగితాల కిటికీ దగ్గరికెళ్లి మాట్లాడు."

"ఆ కిటికీ మూసేశారయ్యా. అందులో కూర్చునే ఆవిడ్ని కూడా ఇంటికి పంపేశారంట."

పంపిన వివరాలు ఇప్పుడు మార్చాలంటే మూడు రోజులు పడుతుంది. ద్రాక్ష మూడు రోజులు ఆగదు. యజమాని సరిహద్దు ఆఫీసరుకు ఫోన్ చేసి గొంతు పెంచాడు.

"ఎప్పుడూ ఇలాగే రాస్తున్నామండీ. ఒక్కసారైనా ఆపలేదు మీరు!"

"అలాగైతే మా స్టాంపు పడ్డ పాత కాగితాలు చూపించండి. మీరన్నది నిజమైతే ఇప్పుడే వదిలేస్తాను."

"అదెంత పని! ఫోన్ పెట్టకండి" అని యజమాని బీరువా తెరిచాడు.

లారీ తిరిగొచ్చాక డ్రైవరిచ్చిన కాగితాన్ని మడత కూడా విప్పకుండా ఫైల్లో గుచ్చేయడం ఆ ఆఫీసు అలవాటు. సరిహద్దులో ఆగని లారీ కాగితం ఎవరు చూస్తారు?

ఒక కాగితం మడత విప్పాడు. ఇంకొకటి విప్పాడు. మరో సంవత్సరం ఫైలు లాగి అందులో ఒకటి విప్పాడు.

అక్కడితో ఆయన చేయి ఆగిపోయింది.

కూతురు ఆ కాగితం అందుకుని చూసింది. మిగతా ఫైళ్లూ లాగి గబగబా విప్పి చూసింది. కిందికి వంగి టేబులు కాలి కింది చీటీ లాగింది. టేబులు ఓ పక్కకు ఒరిగింది.

"ఒక్కో ప్యాలెట్ ఇరవై కిలోలు. ఎన్నుంటే అంత బరువు తీసేసి రాయండి."

ఊదారంగు సిరాతో అంతే ఉంది. ఫీజు లేదు. పేరు లేదు. ఫోన్ నంబరైనా లేదు.

యజమాని ఫైళ్లున్న కుర్చీ వంక చూశాడు.

"కూర్చోమని కూడా అనలేదే నేను" అన్నాడు. సిగ్గుతో కూతురి ముఖం కూడా చూడలేకపోయాడు.

"హలో... పాత కాగితాలు దొరికాయా?" ఫోన్లో ఆఫీసరు అడుగుతున్నాడు.

దొరికాయి, పద్దెనిమిదేళ్ల కాగితాల్లో ఒక్కటి వదలకుండా, కిటికీ స్టాంపు పక్కనే, ఆయన రాయించిన బరువును సన్నటి గీతతో కొట్టేసి, చెక్కల బరువు పోగా మిగిలిన అంకె వేసి ఉంది, అదే ఊదారంగు సిరాతో, అదే గుండ్రటి చేతిరాతతో.