ఓడ జప్తు

కోర్టు అమీనా తన సర్వీసులో బీరువాలు జప్తు చేశాడు, లారీలు జప్తు చేశాడు, ఒకసారి గేదెను జప్తు చేయబోయి దానిచేత తన్నులు కూడా తిన్నాడు.

ఓడను జప్తు చేయడం మాత్రం ఇదే మొదలు.

ఒక చేతిలో జడ్జిగారి ఉత్తర్వు, ఇంకో చేతిలో మైదా జిగురు బకెట్టు పట్టుకుని రేవు గట్టు మీద నిలబడ్డాడు. ఆయనకు ఈత రాదు.

ఓడ దూరంగా లంగరు వేసి ఉంది. అడుగంతా తుప్పు తినేసిందనీ, ఈసారి సముద్రంలోకి వెళితే తిరిగి రాదనీ నావికుల భార్యలు కోర్టుకెక్కారు. బాగు చేయించేదాకా ఓడ కదలకూడదని జడ్జిగారు ఉత్తర్వు ఇచ్చారు. ఆ కాగితం తీసుకెళ్లి ఓడ మీది పెద్ద స్తంభానికి అంటించాలి. అంటిస్తే ఓడ కోర్టు చేతిలో ఉన్నట్టు. ఈలోగా కదిలిపోయిందా, ఇక దాన్ని పట్టుకునే నాథుడు లేడు.

సముద్రానికి పోటు రాగానే బయల్దేరమని ఓడ యజమాని హుకుం. ఆయన మనుషులు రేవులో పడవల వాళ్లందరినీ ముందే మంచి చేసుకున్నారు. అమీనా వెళ్లి అడిగితే ఒకడికి ఇంజను పాడైంది, ఇంకొకడికి నడుం పట్టేసింది.

గట్టు మీద ఆ ఆడవాళ్లంతా ఊపిరి బిగబట్టి ఆయన్నే చూస్తున్నారు.

అంతలో మెట్ల దగ్గరికి ఒక చిన్న పడవ వచ్చి ఆగింది. తెడ్డు వేస్తున్న మనిషికి చిరిగిన బనీను, ఒంటి నిండా ఎర్ర రంగు మరకలు.

"అమీనా గారేనా? ఎక్కండి. పోటు మొదలైంది."

"ఎవరు నువ్వు? ఓడలో పెయింటర్‌వా?"

"ఇన్నాళ్లూ నేను చేసింది ఆ పనేలెండి. తుప్పు కనబడకుండా రంగు పూయడం" అని నవ్వాడు.

అమీనా కళ్లు మూసుకుని ఎక్కాడు. భయం తెలియకుండా ఉండటానికి దారి పొడుగునా ఆ ఓడ కెప్టెన్‌ను నోటికొచ్చినట్టు తిట్టాడు.

"ఇంతమందిని ఈ తుప్పు డబ్బాలో తీసుకెళ్లడానికి వాడికి మనసెలా ఒప్పిందయ్యా? వాడి పెళ్లాం బిడ్డలైతే ఎక్కిస్తాడా? నేను కదిలించనని చెప్పొచ్చుగా?"

"చెప్తే ఆయన్ని దించేసి ఇంకొకణ్ణి ఎక్కిస్తారండీ. కోర్టు కాగితం పడితే మాత్రం ఎవరూ కదిలించలేరు" అన్నాడు పెయింటర్, తెడ్డు ఆపకుండా.

ఓడ పక్కన తాడు నిచ్చెన వేలాడుతోంది. సగం ఎక్కేసరికి అమీనాకు పై ప్రాణాలు పైనే పోయాయి. పైకీ పోలేడు, కిందికీ రాలేడు.

"నా భుజం మీద కాలు పెట్టండి. పర్లేదు, గట్టిగా తొక్కండి" అన్నాడు కింద నుంచి పెయింటర్, జిగురు బకెట్టు నడుముకు కట్టుకుని.

అమీనా మొహమాటపడకుండా తొక్కాడు. పైకి చేరాడు.

పైన గాలి కాగితాన్ని లాక్కుపోబోయింది. పెయింటర్ ఎగిరి పట్టుకుని, అరచేతులతో స్తంభానికి అదిమిపెట్టాడు. అమీనా దాని చుట్టూ జిగురు దట్టంగా పూసి, గొంతు సవరించుకుని ఉత్తర్వు చదివాడు.

ఓడలో వంటాయన గిన్నె మీద గరిటెతో దరువు మొదలుపెట్టాడు. ఎవరో ఓడ హారన్ మోగించారు. గట్టు మీంచి ఆడవాళ్ల కేకలు నీళ్ల మీదుగా తేలి వచ్చాయి. నావికులందరూ చిందులు తొక్కుతుంటే అమీనా కూడా మీసానికి జిగురుతోనే నాలుగు అడుగులు వేశాడు. ఉద్యోగంలో ఇంత సంతోషం ఆయనకు ఎన్నడూ కలగలేదు. జప్తు చేస్తే జనం నవ్వడం ఆయన చూసింది ఇక్కడే.

కెప్టెన్‌కు ఒక నకలు ఇవ్వాలి, ఎక్కడ నక్కాడో అని వెతకబోయాడు.

"నాకివ్వండి. ఆయనకు చేరినట్టే" అని పెయింటర్ ఆ నకలు అందుకుని, మడిచి భద్రంగా దాచుకున్నాడు.

మర్నాడు అమీనా పెయింటర్ కోసం కొత్త బనీను ఒకటి కొని రేవుకు వచ్చాడు. నావికులు పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని తిరుగుతున్నారు. రేవంతా సందడిగా ఉంది.

"మీ పెయింటర్ ఎక్కడ? నన్ను మోసుకొచ్చినాయన?"

వంటాయన చంకలోని కూతుర్ని కిందికి దించాడు.

"యజమాని పనిలోంచి తీసేశాడండీ. పొద్దున బండికే వెళ్లిపోయారు, నవ్వుకుంటూనే వెళ్లారు" అన్నాడు. "మిమ్మల్ని ఎవరు తీసుకొస్తే వాళ్లకు ఇక ఏ ఓడలోనూ పని దొరకదని యజమాని ముందే బెదిరించాడు. అందుకే మాలో ఎవర్నీ పంపకుండా, మా కెప్టెన్ గారే ఆ పాత బనీను తగిలించుకుని తెడ్డు పట్టారు."