నగేష్ దిక్కు ఫ్రీవీలు

"ఇద్దరికీ ఒక్కటే చైను జాలదా?" దూలపల్లిలో ఇంటి ముందు భర్త నగేష్ తయారుచేస్తున్న నాలుగు చక్రాల పెడల్ బండెక్కి కూర్చుంటూ అడిగింది సుచిత్ర. పెళ్ళయి నలభై రోజులు. ఆ బండి తొక్కుకుంటూ షామీర్‌పేట చెరువుకట్టకు పోవాలని ఇద్దరి ముచ్చట.

"జాలదు. ఎవరి చైను వాళ్ళకే. నా దిక్కు ఫ్రీవీలు పెడుతున్న. నేనాగినా నువ్వు తొక్కొచ్చు."

"మరి నేనాగితే?"

"బండి ఆగుతది."

"వారెవ్వా! నువ్వు నవాబు లెక్క కూసుంటవ్, నేను తొక్కాల్నా?" ఆమె పకపకా నవ్వింది.

నగేష్ నవ్వలేదు. లేవబోయి, కుడికాలు నిలవక, బండిని పట్టుకున్నాడు. పది రోజులుగా ఆ కాలి చెప్పు జారిపోతున్న సంగతి ఆమెకు గుర్తొచ్చింది.

"దవాఖానకు పోయినవా?"

"పోయిన. నరాల రోగమట. ఏడాదిల రెండు కాళ్ళూ పనిజెయ్యవన్నరు. మందు లేదట."

 సుచిత్ర కిందికి దిగి, తన వైపు పెడల్‌కున్న పళ్ళచక్రాన్ని వేలితో తాకింది.

"గిది విప్పెయ్. ఇంకా చిన్నది పెట్టు."

"ఎందుకు?"

"కట్ట ఎక్కేకాడ ఎత్తుంటది. చిన్నదైతే తొక్కుడు అల్కగైతది. ఇద్దరి బరువు నేనొక్కదాన్నే గుంజాలె గదా."